ఏజెన్సీ మట్టిదారుల్లో మా జిమ్నీ: మార్చినవీ, మార్చకుండా వదిలేసినవీ

2023 జూన్‌లో మారుతి సుజుకి ఐదు తలుపుల జిమ్నీ (నాలుగు చక్రాలకూ బలం అందే చిన్న జీపు లాంటి బండి) మన మార్కెట్లోకి వచ్చిన కొన్ని నెలలకు నేను మాన్యువల్ గేర్ల బండిని తీసుకున్నాను. మేము ఉండేది విశాఖపట్నంలో. సెలవు దొరికితే పాడేరు, లంబసింగి, అనంతగిరి వైపు వెళ్లి, తారురోడ్డు దిగి ఊళ్ల మధ్య మట్టిదారుల్లో తిరగడం మా ఇంటిల్లిపాదికీ అలవాటు. బండి గుణగణాల గురించి ఇప్పటికే చాలామంది రాశారు కాబట్టి, కుటుంబంతో తిరగడానికి దానిమీద చేయించిన మార్పులు దీర్ఘకాలం వాడిన తర్వాత ఎలా నిలిచాయో మాత్రమే ఇక్కడ రాస్తున్నాను.

ముందుగా లెక్క చెప్పాలి, ఎందుకంటే మా నిర్ణయాలన్నీ దాని నుంచే వచ్చాయి. ఈ బండి ఖాళీ బరువు దాదాపు 1,200 కిలోలు, కంపెనీ అనుమతించిన గరిష్ఠ మొత్తం బరువు 1,545 కిలోలు. అంటే మనుషులు, సామాను, అదనంగా బిగించే ప్రతి వస్తువు కలిపి సుమారు 340 కిలోలకు మించకూడదు. నేను, నా భార్య, మా అమ్మ, ఎదిగిన మా అబ్బాయి కూర్చుంటే 250 కిలోలు అక్కడే అయిపోతాయి. మంచినీళ్లు, భోజనం, దుప్పట్లు, పనిముట్లు, బండి కూరుకుపోతే లాగే సామాగ్రి మరో 50 కిలోలు. ఇక మార్పులకు మిగిలేది 40 కిలోలు. మందపాటి ఇనుప బంపరు ఒక్కటే ఇంచుమించు ఆ 40 కిలోలనూ తినేస్తుంది. దానిమీద వించి (కూరుకున్న బండిని తాడు చుట్టి లాగే మోటారు), పైన ర్యాకు, ర్యాకు మీద గుడారం చేరితే బండి నలుగురిని ఎక్కించుకోకముందే బరువెక్కిపోతుంది. ఒంటరిగా తిరిగేవారికి ఈ లెక్కలో ఉన్న వెసులుబాటు కుటుంబంతో తిరిగేవారికి లేదు. ఫొటోల్లో ఠీవిగా కనిపించే బండ్లలో ఎక్కువ భాగం ఇద్దరికి మించి మోయవలసిన అవసరం లేనివేనని నా అభిప్రాయం.

మొదట మార్చినవి టైర్లు. జిమ్నీకి కంపెనీ ఇచ్చే కొలత 195/80 ఆర్15. దీన్ని తీసేసి 215/75 ఆర్15 వేయించుకోవడం ఆనవాయితీ అయింది. కొలతలు వేసి చూస్తే మొదటిదాని వ్యాసం 693 మిల్లీమీటర్లు, రెండోదాని వ్యాసం సుమారు 703. వ్యాసంలో పది మిల్లీమీటర్లు పెరిగితే ఇరుసు కింద ఎత్తు పెరిగేది అందులో సగం, అంటే 5 మిల్లీమీటర్లు. దానికోసం బరువు, ఇంధనం, స్టెప్నీ కవర్ పట్టకపోవడం, ఆర్.టి.ఓ. వారి ప్రశ్నలు, బీమా వారి ప్రశ్నలు అన్నీ నెత్తిన వేసుకోవడం దండగ అనిపించి, అదే పాత కొలతలో ఆల్ టెరైన్ (తారుకూ మట్టికీ రెండింటికీ పనికొచ్చే) టైర్లు వేయించాను. స్టెప్నీతో కలిపి ఐదూ మార్చాను, ఎందుకంటే కొండమీద పంచరైనప్పుడు ఎక్కించే చక్రం కూడా మిగతావాటిలాగే ఉండాలి.

ఈ టైర్ల ప్రయోజనం పట్టు ఒక్కటే అనుకుంటారు. నా అనుభవంలో పక్కగోడల బలం అంతకన్నా ముఖ్యం. కాఫీ తోటల మధ్య దారుల్లో కంప కొట్టినచోట మిగిలే వెదురు మోళ్లు ఏటవాలుగా, కత్తుల్లా నిలబడి ఉంటాయి. నేలను తాకే భాగంలో గుచ్చుకుంటే రబ్బరు పురి (ప్లగ్) పెట్టి గాలి నింపుకుని పోవచ్చు గాని, పక్కగోడ చీలితే ఆ టైరు ఇక పనికిరాదు. పాత టైర్లతో అలాంటిచోట్ల మా అబ్బాయి దిగి ముందు నడిచి చూపించేవాడు. ఇప్పుడు కూడా దిగుతాడు గాని, ఆ దిగడం తగ్గింది. మరోపక్క, జాతీయ రహదారి 16 మీద వేగం పెరిగేకొద్దీ టైర్ల హోరు స్పష్టంగా వినిపిస్తుంది, తడిసిన తారుమీద బ్రేకు వేస్తే బండి ఆగడానికి పాత టైర్ల కన్నా కొంచెం ఎక్కువ దూరం తీసుకుంటుంది, లీటరుకు వచ్చే మైలేజీ ఒక కిలోమీటరు దాకా పడిపోయింది.

టైర్ల కన్నా గాలి తగ్గించడం వల్ల కలిగిన మేలే ఎక్కువని చెప్పినా అతిశయోక్తి కాదు. మట్టిదారి మొదలయ్యేచోట ఆగి, ఒత్తిడిని 20 పీఎస్‌ఐకి తెస్తే టైరు నేలను తాకే భాగం పొడవెక్కి, రాళ్లను కొట్టుకోవడం మాని వాటిమీద ఒదిగి పోతుంది. వెనుక సీటులో కూర్చున్న మా అమ్మ నడుముకు తేడా వెంటనే తెలుస్తుంది. 15కి దిగువకు మాత్రం నేను వెళ్లను. మలుపులో టైరు అంచు రిమ్ము నుంచి ఊడిపోయే ప్రమాదం ఉంది. తిరిగి తారు ఎక్కేముందు గాలి నింపడానికి చిన్న కంప్రెసర్ ఉంచాను. దాన్ని నేరుగా బ్యాటరీ కొనలకు తగిలించే రకమే కొనాలి, లోపలి 12 వోల్టుల సాకెట్టుకు తగిలించే రకాలు నాలుగు టైర్లు నింపేలోగా ఫ్యూజు కొట్టేసే ప్రమాదం ఉంది.

ఇక అందరూ అడిగే ప్రశ్న: ఎత్తు పెంచారా? పెంచలేదు. జిమ్నీకి ముందూ వెనుకా రెండూ బిగి ఇరుసులే, అంటే ఎడమ కుడి చక్రాలను ఒకే గట్టి ఇరుసు కలుపుతుంది. స్ప్రింగులు మార్చి రెండు అంగుళాలు లేపితే లేచేది చాసిస్, బాడీ మాత్రమే. ఇరుసు మధ్యలో వేలాడే డిఫరెన్షియల్ హౌసింగ్ (రెండు చక్రాలకూ బలం పంచే గేర్ల పెట్టె) ఉన్నచోటే ఉంటుంది. ట్రాక్టర్లు తిరిగిన దారుల్లో గాడుల మధ్య మిగిలే గట్టుకు మొదట తగిలేది ఆ హౌసింగే కాబట్టి, లిఫ్ట్ కిట్టు అక్కడ ఏ సాయమూ చేయదు. అది సాయం చేసేది దిబ్బలు ఎక్కి దిగేటప్పుడు. మూడు తలుపుల జిమ్నీ ఇరుసుల మధ్య దూరం 2,250 మిల్లీమీటర్లు కాగా ఐదు తలుపుల బండిలో అది 2,590 అయింది. అందుకే దిబ్బ మీద పొట్ట ఆనకుండా దాటగలిగే కోణం 24 డిగ్రీలకు తగ్గింది. ముందు భాగం కోణం 36 డిగ్రీలతో పోలిస్తే ఈ బండి బలహీనత నడుములోనే ఉంది, ఈ సంగతి ఒప్పుకోవాలి.

అయినా లిఫ్ట్ వద్దనుకోవడానికి కారణాలు ఉన్నాయి. ముందు ఇరుసును పట్టి ఉంచే చేతుల కోణం మారి క్యాస్టర్ (ముందు చక్రాలు తిరిగే అక్షం వెనక్కి వాలిన కోణం) తగ్గుతుంది, దానితో మలుపు తర్వాత స్టీరింగ్ తనంతట తాను సూటిగా రావడం మందగిస్తుంది, ఇరుసు అటూ ఇటూ జరగకుండా పట్టే ప్యాన్‌హార్డ్ రాడ్ దాన్ని కొద్దిగా పక్కకు లాగుతుంది, బ్రేకు గొట్టాల పొడవు సరిచూసుకోవాలి. వీటన్నిటికీ విడి భాగాలు దొరుకుతాయి, నిజమే. కాని ఒక మార్పును సరిదిద్దడానికి మరో నాలుగు మార్పులు చేసిన బండిని, కుటుంబాన్ని ఎక్కించుకుని పాడేరు ఘాట్ దించడానికి నా మనసు ఒప్పలేదు. పైగా అమ్మ ఆ ఎత్తు ఎక్కాలి.

బదులుగా చేయించింది వెనుక స్ప్రింగుల మార్పు ఒక్కటే. నలుగురం కూర్చుని, వెనుక సామాను పెడితే పాత స్ప్రింగులు బాగా కుంగేవి, హెడ్‌లైట్లు ఎదుటివారి కళ్లలోకి లేచేవి, గుంత వస్తే రబ్బరు దిమ్మె తగిలి వెనుక సీటు ఎగిరేది. కొంచెం గట్టి స్ప్రింగులు, వాటికి తగిన షాక్ అబ్జార్బర్లు వేయించాక నిండు బండి సమంగా నిలబడుతోంది. కాగితం మీద రాసిన 210 మిల్లీమీటర్ల గ్రౌండ్ క్లియరెన్స్ ఖాళీ బండిది. మనం దారిలో వాడేది నిండు బండిది. పోగొట్టుకుంటున్న ఎత్తును తిరిగి రాబట్టుకోవడమే నాకు కావలసిన లిఫ్ట్. దీనికి చెల్లించే మూల్యం నగరంలో, నేనొక్కడినే నడుపుతున్నప్పుడు తెలుస్తుంది. స్పీడ్ బ్రేకర్ల మీద వెనుక భాగం పొడిగా గెంతుతుంది. రోజూ ఆఫీసుకు ఇదే బండి వాడేవారు ఈ సంగతి ముందే ఆలోచించుకోవాలి.

అడుగున ఇంజిన్ ఆయిల్ సంపుకు, ముందు వెనుక ఇరుసులకు బలం పంచే ట్రాన్స్‌ఫర్ కేసుకు 6 మిల్లీమీటర్ల అల్యూమినియం రేకులు బిగించాం. అవి 3 మిల్లీమీటర్ల ఉక్కు రేకుల కన్నా తేలిక. రెండు లోపాలు చెప్పాలి. ఉక్కు రాయిమీద జారుతుంది, అల్యూమినియం గీసుకుపోతుంది. రేకుకూ ఇంజిన్‌కూ మధ్య ఎర్రమట్టి పేరుకుని ఎండితే ఇటుకలా గట్టిపడుతుంది, కాబట్టి కడిగేటప్పుడు రేకులు విప్పక తప్పదు. ఎండాకాలంలో అంతకన్నా జాగ్రత్త కావాలి. సిల్వర్ ఓక్ ఎండుటాకులు రేకుల్లో, సైలెన్సర్ గొట్టం పక్కన ఇరుక్కుంటే నిప్పు అంటుకునే అవకాశం ఉంది. ఆగిన ప్రతిచోటా వంగి చూసుకోవడం, చిన్న అగ్నిమాపక సిలిండర్ డ్రైవరు చేతికి అందేలా పెట్టుకోవడం మాకు నియమం. ఆయిల్ మార్చడానికి రంధ్రం వదిలిన రేకులే తీసుకోవాలి, లేకపోతే ప్రతి సర్వీసుకూ మెకానిక్ విసుక్కుంటాడు.

తలుపుల కింద చాసిస్‌కు బిగించే గొట్టపు రాక్ స్లైడర్లు పెట్టించడం మా ఇంట్లో అందరూ మెచ్చిన మార్పు. నడుము దిబ్బకు ఆనినప్పుడు బండి బరువును తలుపు కింది రేకు బదులు స్లైడర్ మోస్తుందన్నది నా కారణం. అమ్మకు మాత్రం అది మెట్టు. మోకాళ్ల నొప్పులున్న మనిషి ఈ బండి ఎక్కాలంటే మెట్టు ఉండాల్సిందే, దానిమీద గరుకు పట్టీ కూడా ఉండాలి, లేకపోతే బురద చెప్పుతో జారుతుంది. కాలు మోపడానికి చూపించి అమ్మే పలుచని ఫుట్‌బోర్డులను రాయి ఒక్క దెబ్బకు తలుపులోకి నొక్కేస్తుంది. తలుపు తెరుచుకోని స్థితి కుటుంబంతో ఉన్నప్పుడు చాలా ప్రమాదకరం. స్లైడర్లు, రేకులు, టైర్ల అదనపు బరువు కలిపితే మా 40 కిలోలు కాస్త దాటాయి. ఆ మేరకు సామాను తగ్గించుకున్నాం. 208 లీటర్ల డిక్కీ ఎలాగూ ఎక్కువ పట్టనివ్వదు.

గెడ్డలు (కొండవాగులు) దాటేవారు ఇరుసుల లోపలి గాలి బయటికీ లోపలికీ ఆడే బ్రీదర్ గొట్టాలను ఎత్తుకు పొడిగించుకోవడం మంచిది. వేడెక్కిన డిఫరెన్షియల్ ఒక్కసారిగా చల్లని నీళ్లలో మునిగితే లోపలి గాలి ముడుచుకుని సీళ్ల గుండా నీటిని పీలుస్తుంది, ఆయిల్ పాలలా మారుతుంది. ఖర్చు తక్కువ, బరువు లేదు. ఇంజిన్‌కు పైకప్పు ఎత్తునుంచి గాలి తెచ్చే గొట్టం, అంటే స్నార్కెల్, మాకు అవసరం లేదు. ఇంజిన్ గాలి తీసుకునేంత ఎత్తుకు నీళ్లు వస్తే ఇంత తేలికైన బండి తేలి పక్కకు కొట్టుకుపోతుంది, అలాంటి గెడ్డలోకి పిల్లలను కూర్చోబెట్టుకుని దిగేవారికి స్నార్కెల్ చేయగలిగింది ఏమీ లేదు.

లాగే సామాగ్రిలో సాగే తాడు, తాడును బండికి తగిలించే రెండు సాఫ్ట్ షాకిళ్లు, జారే చక్రాల కింద పెట్టే ట్రాక్షన్ బోర్డులు, మడత పార ఉంచాం. వించి లేదు. దాని బరువుకు బదులు మేము రెండు బండ్లు లేనిదే లోపలి దారుల్లోకి వెళ్లం. తాడుతో లాగేటప్పుడు బండిలో డ్రైవరు తప్ప ఎవరూ ఉండకూడదు, మిగతావారు తాడు పొడవుకు ఒకటిన్నర రెట్ల దూరంలో నిలబడాలి. పైగా ఈ బండికి ‘ఫోర్ లో’ (నాలుగు చక్రాలకూ బలం, తక్కువ వేగం) గేరులో బ్రేకుతో పనిచేసే పరిమిత జారుడు వ్యవస్థ ఉంది. గాలిలో తిరిగే చక్రాన్ని అది బ్రేకు వేసి పట్టి, రెండో వైపుకు బలం పంపుతుంది. యాక్సిలరేటర్‌ను ఆపకుండా, నిలకడగా ఒక్క క్షణం తొక్కి ఉంచితే చాలు. చక్రం జారగానే కాలు తీసేసేవారికి ఆ వ్యవస్థ పనిచేయనట్టే అనిపిస్తుంది. రెండు చక్రాలనూ ఒకే వేగంతో తిప్పే డిఫరెన్షియల్ లాక్ కొనాలా అని ఆలోచించేవారు ముందు ఇది అలవాటు చేసుకుని చూడాలి.

చట్టం సంగతి. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం రిజిస్ట్రేషన్ పత్రంలోని వివరాలు కంపెనీ నిర్దేశించినదానికి భిన్నంగా మారేలా వాహనాన్ని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా దీన్ని స్పష్టం చేసింది. అదే ఏడాది సవరణతో యజమానికి ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా లేదా ఆరు నెలల వరకు జైలు లేదా రెండూ విధించే వీలు వచ్చింది. ముందు బంపరుకు బిగించే ఇనుప చట్రాలైన బుల్ బార్లను కేంద్రం 2017 డిసెంబరులోనే నిషేధించింది. అవి పాదచారులకు ప్రమాదకరం, ఎయిర్‌బ్యాగు సెన్సార్లు సరైన సమయంలో స్పందించకుండా అడ్డుపడతాయి. నేను స్ప్రింగులు, స్లైడర్ల గురించి బీమా వారికి రాతపూర్వకంగా తెలియజేసి, జవాబు దాచుకున్నాను. రిజర్వు అడవిలోకి అటవీశాఖ అనుమతి లేకుండా బండి దించడం వేరే నేరం. మేము తిరిగేది ఊరికీ ఊరికీ మధ్య జనం నడిచే, సంత రోజున జీపులు తిరిగే దారుల్లోనే.

నిర్వహణ ఖర్చు మార్పుల ఖర్చు కన్నా నిశ్శబ్దంగా పెరుగుతుంది. వెనుక చక్రాలకు ఉన్నవి డ్రమ్ము బ్రేకులు. బురదలో తిరిగి వచ్చాక విప్పి కడిగించకపోతే షూలు త్వరగా అరుగుతాయి, హ్యాండ్‌బ్రేకు వాలులో పట్టదు. రిమ్ముల లోపలి వైపు మట్టి అంటుకుని ఉంటే చక్రం బరువు తూకం తప్పి, రహదారిమీద వేగం అందుకోగానే స్టీరింగ్ వణుకుతుంది. చాలామంది దీన్ని పెద్ద లోపంగా భ్రమించి స్టీరింగ్ డ్యాంపర్ మార్పిస్తారు. ఒక పుల్లతో ఆ మట్టి గీకేస్తే సగం సందర్భాల్లో వణుకు పోతుంది.

40 లీటర్ల ట్యాంకు, నాలుగే సీట్లు, నిండు బరువుతో ఘాట్ ఎక్కేటప్పుడు తరచూ రెండో గేరుకు దిగవలసిన 1.5 లీటర్ల పెట్రోలు ఇంజిన్: ఈ మూడింటినీ ఏ మార్పూ సరిచేయలేదు. మీ ఇంట్లో ఐదుగురుంటే ఈ బండిమీద డబ్బు పెట్టకండి, 2024లో వచ్చిన థార్ రాక్స్‌ను ఒకసారి నడిపి చూడండి. నలుగురైతే టైర్లతో మొదలుపెట్టి, ఒక వానాకాలం అలాగే తిరిగి, అడుగున ఎక్కడెక్కడ గీతలు పడ్డాయో చూసుకున్నాక రేకులు, స్లైడర్లు బిగించుకోండి.