ఏడేళ్లు వాడిన హ్యాండ్ లెన్స్: అద్దానికి వంక లేదు, కీలుతోనే తంటా

హ్యాండ్ లెన్స్ అంటే రాళ్లని దగ్గరగా చూసే చిన్న మడత భూతద్దం. పది రెట్లు పెద్దగా చూపడం, మూడు అద్దాలు, లోహపు తొడుగు, ఇవన్నీ కొనేవాళ్లకి ముందే తెలుసు కాబట్టి వాటి జోలికి పోను. నేను చెప్పదలచుకున్నది ఒక్కటే, అద్దాన్ని తొడుగులోంచి పక్కకి తిప్పే ఆ చిన్న కీలు గురించి. ఏడేళ్లుగా అమెరికాలోని డెత్ వ్యాలీకి, మొహావే ఎడారికి, మోనో సరస్సు పక్కనున్న అగ్నిపర్వతాల వరసకి రాళ్లు చూడ్డానికి ఎప్పుడు వెళ్లినా ఈ లెన్స్ నా మెడలోనే ఉంది. అద్దం మీద ఈరోజుకీ ప్రేమే. కీలు మీద కోపం మాత్రం తగ్గట్లేదు.

కొన్న కొత్తలో అందరికీ నేనే చెప్పాను, ఎంత సాఫీగా తిరుగుతుందో చూడండి, బొటనవేలితో అలా తోస్తే చాలు అని. అబద్ధం కాదు. రెండో చేతిలో నోటుబుక్ ఉన్నప్పుడు అది చాలా సుఖం కూడా. కానీ అంత సాఫీగా తిరగాలంటే తొడుగుకీ కీలుకీ మధ్య కాస్త సందు వదలాలి, ఆ సందులోంచే దుమ్ము లోపలికి పోతుంది. ఇది అర్థమయ్యేసరికి నాలుగేళ్లు గడిచాయి.

ఇసుకతో ఏ ఇబ్బందీ రాలేదు. మొహావేలోని కెల్సో ఇసుక దిబ్బల మీద రోజంతా కూర్చుని ఇసుక రేణువులు చూశాను, క్వార్ట్జ్, ఫెల్డ్‌స్పార్, మధ్యమధ్యలో నల్లటి మాగ్నెటైట్, సాయంత్రం లెన్స్ దులిపితే అన్నీ రాలిపోయాయి. రేణువు ఆ సందులో దూరదు, అంతకంటే లావు. మోనో సరస్సు పక్కనున్న పానమ్ క్రేటర్ దగ్గర ప్యూమిస్ (బుడగలతో నిండిన తేలికైన అగ్నిపర్వత రాయి) పొడి పడినప్పుడు మొదటిసారి కీలు కరకరమంది. నోటితో ఊదేసి ఊరుకున్నాను. అప్పుడే విప్పి శుభ్రం చేసి ఉండాల్సింది.

అసలు దెబ్బ సీమా లావా ప్రాంతంలో తగిలింది. మొహావే నేషనల్ ప్రిజర్వ్‌లో ఉంటుంది, చిన్న చిన్న అగ్నిపర్వత శంకువులు, వాటి చుట్టూ నల్లటి బసాల్ట్, అంటే గడ్డకట్టిన లావా రాయి. ఆ లావా కొన్నిచోట్ల భూమి పైపెంకు కిందనున్న మాంటిల్ ముక్కల్ని కూడా మోసుకొచ్చింది, మేం వెళ్లిందే వాటి కోసం. పొద్దున్నుంచీ ఒకటే గాలి. ముందు నడుస్తున్న ఫ్రెండ్ "ఇటు రా, పచ్చగా ఏదో ఉంది" అని కేకేశాడు. అక్కడ సుత్తితో కొట్టకూడదు, రాయి ఇంటికి తెచ్చుకోకూడదు, కాబట్టి నేల మీద బోర్లా పడుకుని ఉన్నచోటే చూడాలి. నల్లరాతిలో పిడికిలంత ముద్ద, పచ్చ పంచదారలా మెరుస్తోంది. ఉత్త కంటికి అంతకు మించి తెలియదు. అంతా ఒలివిన్ అనే పచ్చ ఖనిజమే అయితే లావాలోనే పెరిగిన స్ఫటికాల గుత్తి కావచ్చు. దాని మధ్యలో మరకతం రంగులో క్రోమ్ డయాప్సైడ్ అనే పైరాక్సీన్ ఖనిజం, గోధుమరంగులో ఇంకో పైరాక్సీన్ కనిపిస్తే, అది మాంటిల్ ముక్క అని నమ్మకంగా అనుకోవచ్చు. అది తేల్చేది లెన్సే.

లెన్స్ సగం తెరుచుకుని ఆగిపోయింది. ఎంత తోసినా కదల్లేదు. టెన్షన్‌లో చాకు మొన పెట్టి తిప్పాను, కీచుమంటూ వచ్చింది, అద్దం మీద తెల్లటి దుమ్ము పొర. వెంటనే చొక్కా అంచుతో తుడిచేశాను, ఆ చొక్కాకీ అదే దుమ్ము. దుమ్ములో ఉండే క్వార్ట్జ్ కాఠిన్యం పదికి లెక్కేసే మోస్ కొలతలో 7, మామూలు అద్దానిది ఐదున్నర దాకా. రెండు గీతలు పడ్డాయి. ఆ రోజు నాకు ఏడుపొచ్చినంత పనయింది.

అయినా చూశాను. మూడు రంగులూ విడివిడిగా కనిపించాయి, ఆ మరకతం రంగు ఇప్పటికీ కళ్లలో ఉంది. గీతలు బొమ్మలో గీతల్లా కనపడవు, అద్దం కంటికి ఆనుకుని ఉంటుంది, ఫోకస్ 25 మిల్లీమీటర్ల అవతల రాయి మీద ఉంటుంది కదా. కాకపోతే ఎండ ఏటవాలుగా పడ్డప్పుడు బొమ్మ పాలిపోతుంది. ఎడారిలో పొద్దున, సాయంత్రం ఎండ అలాగే పడుతుంది.

ఆ మధ్యాహ్నమే పాత లావా మీద, వాన నీరు కోసిన ఒక గండి అంచున, రాళ్లు పరిచినట్టున్న నేలని పక్కనుంచి చూశాం. పైన ఒక్క వరస రాళ్లు, కింద లేత రంగు దుమ్ము, దాన్నిండా చిన్న చిన్న బుడగల ఖాళీలు. ఎండిన సరస్సుల నుంచి గాలి మోసుకొచ్చిన దుమ్ము అది, రాళ్ల సందుల్లోంచి కిందికి దిగి వేల ఏళ్లుగా వాటిని మెల్లగా పైకి ఎత్తుతూ వచ్చింది. ఆ రాళ్లు మొదటి నుంచీ పైనే ఉన్నాయని సీమాలోనే హీలియం-3 (నేల మీద ఉన్న రాయికి విశ్వకిరణాలు తగిలేకొద్దీ అందులో పోగయ్యే వాయువు) కొలిచి 1995లో చూపించారు. అంత నేలని ఎత్తిన దుమ్ముకి నా కీలు ఒక లెక్కా అనిపించింది, కానీ ఎడారికి వెళ్లేవాళ్లకి అమ్మే వస్తువు తయారు చేసేవాళ్లు ఈ సంగతి ముందే ఆలోచించాలి.

తర్వాత నూనె వేశాను, అది ఇంకా పెద్ద తప్పు, నూనె దుమ్ముని పట్టుకుని బురదలా చేసింది, మళ్లీ విప్పి సబ్బునీళ్లతో కడగాల్సొచ్చింది. స్క్రూ బిగిస్తే దుమ్ము తక్కువే పోతుంది గానీ తెరవడానికి రెండు చేతులూ కావాలి. వదులు చేస్తే అద్దం దానంతటదే బయటికి జారుతుంది. ఇప్పుడు కాస్త బిగువుగానే ఉంచి, జిప్ ఉన్న చిన్న సంచిలో వేస్తున్నాను, గాలి కొట్టే రబ్బరు బల్బు, మెత్తటి బ్రష్ కూడా వెంట ఉంటున్నాయి. ఈ ఏర్పాటుతో మూడేళ్లుగా ఇరుక్కోలేదు.

కొనమంటానా? తడి కొండల్లో, ల్యాబులో వాడేవాళ్లకైతే సందేహం లేకుండా కొనమంటాను, ఈ గొడవేదీ మీకు రాకపోవచ్చు. నేను ఏడాదికి రెండుసార్లు ఎడారికే వెళ్తాను, పైగా కళ్లజోడు మీదనుంచి చూస్తాను, కాబట్టి నా ఇబ్బందులు కొన్ని నావే. ఇది పోతే ఇదే అద్దం మళ్లీ కొంటానేమో, కానీ కీలు లేకుండా మూత బిగించే రకం దొరికితే ముందు అది చూస్తాను.