కొలతల పుస్తకం చదివిన డాక్టరుగారు

ఈ క్లినిక్కుకి ఐదు చుక్కలకి నాలుగు ఇస్తున్నాను. ఆ ఒక్కటీ ఎందుకు కోశానో చివర్లో చెప్తాను. కొంచెం పొడుగ్గానే ఉంటుంది, ఏమనుకోకండి. నా బాధ కూడా రెండేళ్ళు సాగింది మరి.

నేను రాజమండ్రిలో జాకెట్లు కుడతాను. ముందు గదిలోనే మిషను. వయసు 53. తొమ్మిదేళ్ళుగా షుగరు, దానికి మెట్‌ఫార్మిన్. మా ఇంట్లో గుడ్డు కూడా గడప దాటి రాదు.

నాకున్న జబ్బు ఇదీ అని ఒక్క మాటలో చెప్పడానికి లేదు. ఒక వారం అరికాళ్ళు తిమ్మిర్లు, మరుసటి వారం ఏమీ ఉండదు. ఒక్కోరోజు పొద్దున్నే నీరసం, మీద బియ్యం బస్తా పెట్టినట్టు లేవలేను. కూర్చున్నదాన్ని కూర్చున్నట్టే ఉంటే గుండె దడ. నాలుక మంట ఒకటి. ఆవకాయ ముద్ద నోట్లో పెట్టుకుంటే కళ్ళమ్మట నీళ్ళు! పుట్టి బుద్ధెరిగి నేను ఆవకాయకి ఏడవలేదు. స్నానాల గదిలో ముఖానికి సబ్బు రాసుకుని కళ్ళు మూసుకుంటే పక్కకి తూలి గోడ పట్టుకునేదాన్ని. కళ్ళు తెరిస్తే మామూలే. తీరా డాక్టరు దగ్గరికెళ్ళిన రోజున వీటిలో ఒక్కటీ ఉండేది కాదు. "ఇప్పుడెలా ఉందమ్మా?" అంటే "ఇప్పుడు బానే ఉందండి" అనాల్సి వచ్చేది. ఇంకేం చూస్తారు వాళ్ళు మాత్రం!

పక్కింటి వదినగారు దిష్టి అన్నారు. మా ఆడపడుచు, ఈ వయసులో ఆడాళ్ళకి ఇదంతా మామూలే అంది. మా ఆయన ఊరుకోలేక ఒక పెద్దాసుపత్రిలో 4,000 కట్టి ఒళ్ళంతా పరీక్షల ప్యాకేజీ చేయించారు. పేరు అనవసరం. ఈసీజీ, ఎక్స్‌రే, స్కానింగు, రక్తం, అన్నీ అయ్యాయి. రంగు రంగుల ఫైలు చేతికిచ్చారు. అక్కడి డాక్టరుగారు కంప్యూటర్లోంచి తల తిప్పకుండా "అంతా నార్మలే, టెన్షన్ తగ్గించుకోండి" అని నిద్రమాత్రలు రాశారు. టెన్షన్ లేదనను, పెళ్ళిళ్ళ రోజుల్లో ఏ దర్జీకి ఉండదు? టెన్షనుకి నాలుక మండుతుందాండీ అని అడుగుదామనుకునే లోపే తర్వాతి వాళ్ళకి బెల్లు కొట్టేశారు.

మరీ ఓపిక లేనప్పుడు మా వీధిలో ఆరెంపీ దగ్గర బలానికని ఓ సూది వేయించుకునేదాన్ని. 100 రూపాయలు. కొన్నాళ్ళు నిజంగానే తేలిగ్గా ఉండేది.

పోయిన జులైలో భయం వేసింది. నాది మోటారు మిషను. పెడల్ మీద కాలుందో లేదో వంగి చూసుకుంటే గానీ తెలియలేదు. అదే వారం కోటిపల్లి బస్టాండు దగ్గర నడుస్తుంటే వెనకనుంచి ఎవరో "అమ్మా, చెప్పు!" అన్నారు. తిరిగి చూస్తే నా కుడికాలి చెప్పు నాలుగడుగుల వెనక ఉంది. జారిన సంగతి కాలికి తెలియలేదు.

మా కస్టమరు ఒకావిడ చెప్తే దానవాయిపేటలో ఈ క్లినిక్కుకి ఫోన్ చేశాం. డాక్టరుగారు ఊళ్ళో లేరు, పది రోజులాగి రమ్మన్నారు. కాంపౌండరు ఇంకో మాటన్నాడు: "వాడే మాత్రల అట్టలన్నీ తెండి. ఏ రోజు ఏమొచ్చిందో తారీఖు వేసి రాసుకు రండి." వేరే పుస్తకం ఎందుకని నా కొలతల పుస్తకంలోనే వెనకనుంచి రాసుకుంటూ వచ్చాను.

వెళ్ళిన రోజు సాయంత్రం ఆరింటి టోకెన్‌కి లోపలికి పిలిచింది ఎనిమిదిన్నరకి. పది ప్లాస్టిక్ కుర్చీలు, ఒక ఫ్యాను. ఆ సంగతి వదిలేస్తున్నాను, మంచి డాక్టరు దగ్గర ఎక్కడైనా అంతే.

లోపల మాత్రం అరగంట కూర్చోబెట్టారు. పుస్తకం తిరగేసి పట్టుకున్నారేమో, "చుట్టుకొలత 36, చంక 16... ఇదేంటమ్మా?" అన్నారు. "అది నాది కాదండి, పెళ్ళికూతురిదండి" అన్నాను. నవ్వి, ఇటు తిప్పి, నేను రాసిన ప్రతి వరసా వేలు పెట్టి చదివారు. నా చేతిరాత చదివే ఓపిక మా పిల్లలకే లేదు.

"నాలుక మంట మూడున ఉంది, నాలుగున ఉంది, ఆరున ఉంది. తొమ్మిది తర్వాత లేదు. మధ్యలో ఏం చేశారమ్మా?"

"ఏం చేయలేదండి."

మా ఆయన పక్కనుంచి, "ఏడో తారీఖున సూది వేయించుకున్నావుగా" అన్నారు.

"ఏ రంగు?"

"ఎర్రగా ఉంటుందండి."

డాక్టరుగారు పెన్ను కింద పెట్టారు. రెండేళ్ళలో ఆ సూది ఎన్నిసార్లు వేయించుకున్నానో లెక్క అడిగారు. రెండు నెలలకోసారి అనుకోండి. బాధ ఉండి ఉండి వస్తోందని నేననుకుంటున్నా, అది వచ్చిపోయేది సూదిని బట్టేనట. బి12 విటమిను సూది ఎర్రగానే ఉంటుందట.

తర్వాత మాత్రల అట్టలు బల్లమీద పరిచారు. ఒకటి పట్టుకుని "ఇదెన్నాళ్ళనుంచి?" అన్నారు. పరగడుపున వేసుకునే గ్యాస్ మాత్ర, పాంటాప్రజోల్. నాలుగేళ్ళనుంచండి, మందుల షాపతనే ఇస్తాడండి అన్నాను. అప్పుడు ఓపిగ్గా చెప్పారు. బి12 మాంసం, చేప, గుడ్డు, పాలల్లోనే ఉంటుందట. కూరగాయల్లో వెతికినా దొరకదు. నాకు వచ్చేదల్లా పాలు, పెరుగులోంచే. ఆ కాస్తా ఒంటికి పట్టకుండా మెట్‌ఫార్మిన్ చాలామందిలో అడ్డుపడుతుంది. తిండిలోంచి అది విడివడాలంటే కడుపులో ఆమ్లం కావాలి, గ్యాస్ మాత్ర ఆమ్లాన్ని తగ్గిస్తుంది. లివర్లో ఏళ్ళకి సరిపడా నిలవ ఉంటుంది కాబట్టి లోటు వెంటనే బయటపడదు.

చెప్పులిప్పించి శృతిదండం తీశారు. చిన్నప్పుడు బళ్ళో సైన్సు మాస్టారు మోగించి చూపించేవారే, అదే. మణికట్టు ఎముక మీద పెడితే జుమ్మని తెలిసింది. కాలి బొటనవేలి మీద పెట్టి "ఆగిపోయినప్పుడు చెప్పండి" అన్నారు. నాకసలు మొదలైందే తెలియలేదు. పాదాలు దగ్గరగా పెట్టి కళ్ళు మూసుకోమంటే తూలాను. సబ్బు సంగతి అప్పుడు చెప్పాను. పాదాలు ఎక్కడున్నాయో కబురు సరిగ్గా అందక కళ్ళ మీద ఆధారపడి నిలబడుతున్నానట.

ఆ రంగుల ఫైలు కూడా చూశారు. ఎంసీవీ 103 అని బొద్దు అక్షరాల్లో అచ్చయ్యే ఉంది. ఎర్ర కణం సైజట అది, 100 దాటకూడదట. ఎనిమిది నెలలుగా మా బీరువాలో ఉన్న కాగితమే. బి12 పరీక్ష అసలు ఆ ప్యాకేజీలో లేదు.

రక్తపరీక్షలు రాశారు. బి12 ఒక్కదానికే 900 అయింది. రిపోర్టులో 340, పక్కన నార్మల్ 211 నుంచి 911 అని ఉంది. మా ఆయన ముఖం చూడాలి! "మళ్ళీ నార్మలేగదండీ" అన్నారు. డాక్టరుగారు కంగారు పడలేదు. "సూది పడ్డాక తీసిన రిపోర్టిది. కడిగేసిన గిన్నె చూసి పాలు విరిగాయో లేదో ఎలా చెప్తామండీ?" అన్నారు. ఎంసీవీ ఈసారీ 102 ఉంది. ఎర్ర కణం నాలుగు నెలలు బతుకుతుంది, కాబట్టి పాత కథ అదే చెప్తుందట. షుగరు వల్ల కూడా తిమ్మిర్లు వస్తాయనీ, నాకు రెండూ కలిసి ఉండొచ్చనీ, నూటికి నూరుపాళ్ళు ఇదేనని ఇవాళ అననని కూడా చెప్పారు. థైరాయిడ్ పరీక్ష కూడా చేయించారు, అది బాగానే ఉంది.

ముందు రోజు విడిచి రోజు సూదులు, తర్వాత వారానికొకటి, ఇప్పుడు నెలకొకటి. షుగరు మాత్ర సొంతంగా మానొద్దన్నారు. గ్యాస్ మాత్ర మెల్లగా మాన్పించారు. ఇంకోటి గట్టిగా చెప్పారు: ఛాతీలో నొప్పి, మాట తడబడటం, ఒకపక్క చెయ్యీ కాలూ పట్టు తప్పడం, ఇలాంటివొస్తే పుస్తకంలో రాస్తూ కూర్చోకుండా వెంటనే ఆసుపత్రికి పరుగెత్తమని.

వచ్చిపోయే నాలుక మంట పదిరోజుల్లో పూర్తిగా పోయింది. మొదటి ముద్ద ఆవకాయే. నీరసం నెలకి తగ్గింది. పాదాలు మాత్రం నెమ్మది. నాలుగు నెలలైనా ఎడమ బొటనవేలు ఇంకా మొద్దుగానే ఉంది. అది పూర్తిగా రాకపోవచ్చని మొదటే చెప్పారు కాబట్టి తిట్టుకోను. పెడల్ తెలుస్తోంది, నాకది చాలు.

ఫీజు 400. రెండు వారాల్లోపు మళ్ళీ వెళ్తే తీసుకోరు. డబ్బులు చేతికివ్వాలి, ఫోన్లో కొట్టడం కుదరదు. ఉదయం ఎనిమిదికి టోకెన్లు మొదలు, ఎనిమిదీ పావుకి అయిపోతాయి. కాంపౌండరు ఫోన్లో కసురుతాడు గానీ ఎదురుగా మంచివాడే.

ఇక ఆ చుక్క. క్లినిక్కు మేడమీద. మెట్లు నిటారుగా, ఇరుగ్గా, రాత్రిళ్ళు ఒక్కటే బల్బు. పట్టుకోవడానికి కమ్మీ ఒకవైపే, అదీ సగం వరకే. నాలాంటి కాళ్ళవాళ్ళు రాత్రి తొమ్మిదింటికి దిగేది ఆ మెట్లమీదే. మొదటిరోజు ఒకచేత్తో గోడ, ఒకచేత్తో మా ఆయన భుజం పట్టుకుని దిగాను. రెండోవైపు కూడా కింద దాకా కమ్మీ వేయించమనండి, ఐదో చుక్క అప్పుడు పెడతాను.