గుర్రాల ప్రివ్యూకు 499 రూపాయలు: ఒక సీజన్ మొత్తం విన్నాక నా రివ్యూ

ముందే చెప్తున్నా, నేను పందెం కాయను. తెలంగాణలో 2017 నుంచి డబ్బులు పెట్టి ఆన్‌లైన్‌లో ఆడటం నేరం, ఆ చట్టం లేకపోయినా నేను కాయను. గుర్రం అడ్డు దగ్గరికి వచ్చి, అడుగు సరిచూసుకుని, లేచి దూకే ఆ క్షణం కోసం చూస్తాను. ముందు రోజు రాత్రి కూర్చుని రేపు ఏది గెలుస్తుందో, ఎందుకు గెలుస్తుందో నోట్‌బుక్‌లో రాసుకుంటాను, అదంటే ఇంకా ఇష్టం. ఇంగ్లండ్, ఐర్లండ్‌లలో గుర్రాలు అడ్డులు దూకుతూ పరుగెత్తే జంప్ రేసుల మీద తెలుగులో ప్రివ్యూ చెప్పే సర్వీస్ ఒకటుందని ఫ్రెండ్ చెబితే 2024-25 సీజన్‌కు 499 రూపాయలు కట్టాను. నడిపేది హైదరాబాద్‌లో ఉండే ఒకాయన, ఒక్కరే. పేరు రాయడం లేదు, ఎందుకంటే ఇందులో తప్పులు కూడా చెప్పబోతున్నాను.

మాది జడ్చర్ల. మలక్‌పేట రేసులకు రెండు మూడుసార్లు వెళ్లాను. మౌలాలి నుంచి రేస్‌కోర్సును 1886లో మలక్‌పేటకు మార్చింది ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ హయాంలోనే, మా పాలమూరుకు మహబూబ్‌నగర్ అని పేరొచ్చింది కూడా ఆయన మీదే, కాబట్టి ఆ కోర్సుతో మాకూ ఒక చుట్టరికం ఉందనుకుంటాను. కానీ అక్కడ జరిగేవి అడ్డుల్లేని ఫ్లాట్ రేసులు. 2021లో రేచల్ బ్లాక్‌మోర్ మినెల్లా టైమ్స్ అనే గుర్రం మీద, ఇంగ్లండ్‌లో పేరున్న జంప్ రేసు గ్రాండ్ నేషనల్ గెలిచిన వీడియో చూశాక, ఆ రేసు గెలిచిన మొదటి మహిళా జాకీ ఆవిడే అని తెలిశాక, ఇక నాకు ఫ్లాట్ మీద మనసు పోలేదు.

సర్వీస్ ఎట్లా ఉంటుందంటే, పెద్ద రేసు రోజుకు ముందు సాయంత్రం ఒక పీడీఎఫ్, దాంతో పాటు వాట్సాప్‌లో వాయిస్ మెసేజ్‌లు. పీడీఎఫ్ మామూలుగానే ఉంటుంది, అసలు విలువ ఆ మాటల్లో ఉంది. నేల సంగతి ఆయన చెప్పిన తీరు నాకు ఇప్పటికీ గుర్తు. అక్కడ రేసుకు ముందు నేల ఎట్లా ఉందో ప్రకటిస్తారు, దాన్ని గోయింగ్ అంటారు, హెవీ, సాఫ్ట్, గుడ్, ఫర్మ్ ఇట్లా. హెవీ అంటే వానకు నానిన నల్లరేగడి అనుకోండి, గుడ్ అంటే వాన వెలిసి ఆరిన ఎర్రచెల్క అనుకోండి, రేగడిలో కాలు పీక్కుంటూ పోయే గుర్రం వేరు, చెల్కలో ఉరికే గుర్రం వేరు అన్నారు. మా దిక్కు మనిషికి ఇంతకన్నా బాగా ఎవరు చెప్తారు? నేను ఎన్నో ఇంగ్లిష్ వ్యాసాలు చదివి కూడా అర్థం చేసుకోనిది ఆ ఒక్క మాటతో పట్టుకున్నాను.

గుర్రం పాత రేసుల్లో ఎన్నో స్థానంలో వచ్చిందో చెప్పే ఫామ్ అంకెలు చదవడం కూడా ఆయన దగ్గరే నేర్చుకున్నాను. గుర్రం పేరు పక్కన 12-F31 అని ఉంటే కుడి చివర ఉన్నదే తాజా రేసు, మధ్యలో గీత ఉంటే అక్కడ సీజన్ మారిందని. F అంటే పడిపోయింది, U అంటే జాకీ జారిపడ్డాడు, P అంటే జాకీయే ఆపేశాడు. P చూడగానే గుర్రాన్ని కొట్టేయొద్దు, ఆ రోజు నేల ఏంది, దూరం ఎంత, ఎన్నో అడ్డు దగ్గర ఆపారు అని చూడాలి అంటారు. F ఒకటి ఉంటే పర్లేదు, వరసగా రెండు మూడు ఉంటే గుర్రానికి దూకడం మీద నమ్మకం పోయిందేమో చూడాలి. అడ్డులు రెండు రకాలు. హర్డిల్ మూడున్నర అడుగులు, తగిలితే వంగుతుంది, చేజ్ రేసుల్లో ఫెన్స్ కనీసం నాలుగున్నర అడుగులు, అది వంగదు. హర్డిల్స్‌లో బాగున్న గుర్రం ఫెన్సుల మీద అట్లనే ఉంటుందని అనుకోవద్దని ఆయన ప్రతిసారీ గుర్తు చేస్తారు. కొత్తవాళ్లకు ఇదొక్కటే 499 చేస్తుంది.

ఇక జోస్యాల సంగతి. రెండు రోజులు చెప్తాను, రెండూ ఆయన బలం, బలహీనత చూపించినవే.

మొదటిది ఇంగ్లండ్‌లోని చెల్టెన్‌హామ్‌లో జరిగే పెద్ద చేజ్ రేసు, గోల్డ్ కప్, 2025 మార్చి 14. ఆ రోజు మనకు హోలీ, రంగులు కడుక్కుని రాత్రి తొమ్మిదిన్నరకు ఫోన్ ముందు కూర్చున్నాను. మూడు మైళ్ల రెండున్నర ఫర్లాంగులు, 22 ఫెన్సులు, చివర్లో ఎత్తు ఎక్కాలి. 2023, 2024 రెండేళ్లూ గెలిచిన గాలపాన్ డె షాం మూడోసారి కూడా గెలుస్తుందని లోకమంతా అనుకుంది, ఆయనా అదే చెప్పారు. కానీ పక్కనే ఒక మాట అన్నారు: ఐ నో ద వే యూ ఆర్ థింకిన్ అనే గుర్రానికి మొదట ఎంట్రీయే లేదు, తర్వాత 25,000 పౌండ్లు కట్టి చేర్చారు, ఫిబ్రవరిలో ఐర్లండ్‌లోని లెపర్డ్స్‌టౌన్‌లో గాలపాన్ వెనక మిగిలిపోయినా ఇది 2024లో ఇదే చెల్టెన్‌హామ్‌లో కిమ్ ముయిర్ అనే రేసు గెలిచింది, ఆ ఎత్తు దీనికి కొత్త కాదు, దూరం పెరిగే కొద్దీ బాగుపడే రకం అని. అదే గెలిచింది, ఆరు లెంగ్త్‌ల తేడాతో, లెంగ్త్ అంటే ఒక గుర్రం పొడవు. మొదటి పేరు తప్పినా ఆ ప్రివ్యూను నేను మంచి ప్రివ్యూ అనే అంటాను. ఓడిపోతే దేని చేతిలో, ఎందుకు ఓడిపోతుందో కూడా ముందే చెప్పారు కాబట్టి.

దాని తర్వాత ఇంకో సంగతి బాగా వివరించారు. గ్రాండ్ నేషనల్ హ్యాండీక్యాప్ రేసు, అంటే మంచి గుర్రానికి ఎక్కువ బరువు, తక్కువ గుర్రానికి తక్కువ బరువు పెట్టి అందరినీ దగ్గరికి తెస్తారు. ఆ బరువులు ఫిబ్రవరిలోనే తేలిపోతాయి. కాబట్టి మార్చిలో గోల్డ్ కప్ గెలిచిన గుర్రం ఏప్రిల్‌లో పాత బరువుతోనే పరుగెత్తవచ్చు, అది చాలా పెద్ద లాభం. అయినా యజమాని జె.పి. మెక్‌మానస్ వైపు వాళ్లు దాన్ని నేషనల్‌కు పంపలేదు. అంత లాభం కళ్ల ముందు ఉండగా గుర్రానికి విశ్రాంతి ఇచ్చారంటే నాకు చాలా గౌరవం కలిగింది.

రెండోది ఆ గ్రాండ్ నేషనల్, ఏప్రిల్ 5, శనివారం. మర్నాడు శ్రీరామనవమి, నేను గద్వాల దిక్కు మా చిన్నాయన వాళ్ల ఊర్లో ఉన్నాను. ఊర్లో పందిరి వేస్తున్నారు. రాత్రి ఎనిమిదిన్నరకు రేసు. 2023 వరకు మనకు పావు తక్కువ పదికి ఉండేది, 2024 నుంచి టైం ముందుకు జరిపారు, గుర్రాల సంఖ్య 40 నుంచి 34కి తగ్గించారు, మొదటి ఫెన్స్‌ను స్టార్ట్‌కు దగ్గర చేశారు, అంతకుముందు దూరం ఎక్కువుండి దాని మీదికి విపరీతమైన స్పీడుతో వచ్చేవి. దాదాపు ఏడు కిలోమీటర్లు, 30 అడ్డులు. ఈ మార్పుల వల్ల రేసు నడిచే తీరు మారిందని, ఇప్పుడు కేవలం తట్టుకునే గుర్రం చాలదు, క్లాస్ ఉన్న గుర్రమే గెలుస్తుందని ఆయన ప్రివ్యూలో చెప్పారు. సరిగ్గా చెప్పారు.

మా చిన్నాయన బండలాగుడు ఎద్దులు పెట్టిన మనిషి. ఇంగ్లిష్ రాదు, గుర్రాల పేర్లు పలకడం కష్టం, కానీ వాయిస్ మెసేజ్‌లన్నీ నా పక్కన కూర్చుని విన్నాడు. బరువుల సంగతి వినగానే, "మన దగ్గర పండ్లు చూసి జత కడ్తరు గదా బిడ్డా, పాలపండ్లది పాలపండ్లతోనే, ఆరు పండ్లది ఆరు పండ్లతోనే. వాళ్లు బరువు పెట్టి సమానం జేస్తున్నరు, అంతే" అన్నాడు. పై బరువు ఐ యామ్ మాక్సిమస్‌కు, 11 స్టోన్ 12 పౌండ్లు, మన లెక్కలో 75 కిలోలు. 2024లో గెలిచిన గుర్రం అదే.

ఇప్పుడు నా ఫిర్యాదు. ఆ ప్రివ్యూలో ఆయనే చెప్పారు, 2024లో ఐ యామ్ మాక్సిమస్ ఐర్లండ్‌లోని ఫెయిరీహౌస్‌లో బాబీజో చేజ్ అనే రేసు గెలిచి నేషనల్‌కు వచ్చింది, ఈసారి బాబీజో గెలిచింది నిక్ రాకెట్, అదీ అదే ట్రైనర్ విల్లీ మలిన్స్ దగ్గరిదే, ఎనిమిదేళ్ల వయసు, ఫామ్ పైకి పోతోంది అని. అన్నీ చెప్పి చివర్లో ఇచ్చిన మూడు పేర్లు ఇరోకో, ఐ యామ్ మాక్సిమస్, స్టంప్‌టౌన్. పందేల మార్కెట్‌లో ముందున్న పేర్లే. నేను నోట్‌బుక్‌లో నిక్ రాకెట్‌కు పెన్సిల్‌తో గుండ్రం చుట్టి, ఆ మూడు పేర్లు విన్నాక చెరిపేశాను.

నిక్ రాకెట్ గెలిచింది, 33/1 మీద, అంటే రూపాయి పందేనికి 33 రూపాయల లాభం ఇచ్చే, ఎవరూ పెద్దగా ఆశ పెట్టుకోని ధర. ఐ యామ్ మాక్సిమస్ రెండు, గ్రేంజ్‌క్లేర్ వెస్ట్ మూడు, మొదటి మూడూ మలిన్స్ గుర్రాలే. ఇరోకో నాలుగు. స్టంప్‌టౌన్ మొదటి ఐదింటిలో లేదు. గెలిచిన గుర్రం మీద ఉన్నది మలిన్స్ కొడుకు పాట్రిక్, అమెచ్యూర్ జాకీ, అంటే స్వారీకి డబ్బు తీసుకోడు. ఆ తండ్రి టీవీ ముందే ఏడ్చేశాడు, మాట రాలేదు. చిన్నాయన ఫోన్ కిందికి దించకుండా అట్లనే చూశాడు, "కొడుకు బండి కట్టి గెలిస్తే ఎట్లుంటదో నాకెరుక" అన్నాడు.

కారణాలు ఇంత బాగా చెప్పే మనిషి పేరు చెప్పే దగ్గర ఎందుకు వెనకడుగు వేస్తారో నాకు అర్థం కాలేదు. సీజన్ మొత్తంలో ఇది చాలాసార్లు గమనించాను. చిన్న రేసుల్లో, ఎనిమిది పది గుర్రాలు ఉన్నప్పుడు ధైర్యంగా చెప్తారు. పెద్ద హ్యాండీక్యాప్ వచ్చేసరికి ఫేవరెట్ల దగ్గరికి పోతారు. ఫేవరెట్ ఏదో తెలుసుకోవడానికి నాకు సర్వీస్ అక్కర్లేదు.

ఇంకొకటి, ఇది నాకు బాధ కలిగించింది. ఆ రోజు పరుగెత్తిన వాటిలో సెలెబ్ర్ డాలెన్ అనే 13 ఏళ్ల గుర్రం ఉంది. 1923 తర్వాత 13 ఏళ్ల గుర్రం ఏదీ నేషనల్ గెలవలేదు. ప్రివ్యూలో ఆ వయసు గురించి ఒక్క మాట లేదు, ఆశ లేని గుర్రాల జాబితాలో పేరు మాత్రం చదివేశారు. అది చాలాసేపు ముందు గుంపుతో వచ్చి, చివరి ఫెన్స్ దాటాక ఆగి కుప్పకూలింది, కొన్ని రోజులకు చనిపోయింది. గెలిచేది ఏదో చెప్పడమే ప్రివ్యూ కాదు, ఏ గుర్రం విషయంలో భయపడాలో కూడా చెప్పాలి. మా చిన్నాయన ముసలి ఎద్దును పందెం బరిలోకి దింపడు, ఎవరు ఎంత అడిగినా. ఈ విషయం ఆయనకు రాశాను, తర్వాత నుంచి వయసు కాలమ్ విడిగా పెడతామన్నారు. ఆ మాట నిలబెట్టుకోవాలి.

జనవరిలో ఒకసారి గ్రూపులో బెట్టింగ్ సైట్ లింక్ ఒకటి వచ్చింది. నేనూ, ఇంకో ఇద్దరూ గట్టిగా అడిగితే తీసేశారు, మళ్లీ రాలేదు. కానీ అసలు రాకూడదు. గ్రూపులో చదువుకునే పిల్లలు కూడా ఉన్నారు. టైం విషయంలో కూడా కొంచెం ఇబ్బంది ఉంది, గుర్రాలు తప్పుకున్నాక మార్చిన పేర్లు ఒక్కోసారి మొదటి రేసు మొదలయ్యే టైంకు వస్తాయి. వాయిస్ మెసేజ్ ఒక్కోటి ఇరవై నిమిషాలు, ఊర్లో సిగ్నల్ లేకపోతే డౌన్‌లోడ్ కావడానికే చాలాసేపు పడుతుంది, ఐదేసి నిమిషాల ముక్కలు చేస్తే మేలు.

ఐదుకు మూడున్నర ఇస్తున్నాను. కొత్తగా జంప్ రేసులు చూడాలనుకునేవాళ్లు, ముఖ్యంగా ఇంగ్లిష్‌తో ఇబ్బంది పడేవాళ్లు తీసుకోండి. పీడీఎఫ్ చివరి పేజీ, పేర్లు ఉండే పేజీ, మీ లెక్క మీరు రాసుకున్నాకే తెరవండి. డబ్బులు పెట్టడానికి జోస్యం కావాలనుకునేవాళ్లకు ఇది వద్దు. నేను మళ్లీ కట్టాను, ఈసారి గ్రూపులో చిన్నాయన నంబర్ కూడా పెట్టించాను. నవంబర్ చెల్టెన్‌హామ్ మీటింగ్ ఎప్పుడని ఆయనే అడుగుతున్నాడు.