అద్దె ఇళ్లు చూసే ఆఫీసులో బిట్‌వార్డెన్: కొన్నేళ్లు వాడాక

మాది బెజవాడ పటమటలో చిన్న ఆఫీసండి. ఓనర్లేమో అమెరికాలోనో హైదరాబాద్‌లోనో ఉంటారు, ఇక్కడ వాళ్ల ఫ్లాట్లు అద్దెకివ్వడం, అద్దె వసూలు, కరెంటు బిల్లు, ఇంటి పన్ను, రిపేర్లు అన్నీ మేమే చూస్తాం. అంటే అద్దెకుండేవాళ్ల ఆధార్ జిరాక్సులు, అగ్రిమెంట్లు, ఓనర్ల బ్యాంకు వివరాలు, సీసీ కెమెరాల లాగిన్లు అన్నీ మా దగ్గరే ఉంటాయి. నాకు తెలిసిన ఆఫీసులు కొన్ని ఇప్పటికీ ఇవన్నీ వాట్సాప్ గ్రూపులో పెట్టి నడిపేస్తన్నాయి, చూస్తే భయమేస్తది, వాళ్ల కోసమే ఇది రాస్తన్నా.

బిట్‌వార్డెన్ ఓపెన్ సోర్స్ (అంటే దాని కోడ్ ఎవరైనా చూడొచ్చు) పాస్‌వర్డ్ మేనేజర్, మన పాస్‌వర్డ్‌లన్నీ ఒకేచోట తాళం వేసి దాచే యాప్. ఒక్కళ్లే వాడుకుంటే ఫ్రీగానే ఎన్ని పాస్‌వర్డ్‌లైనా, ఎన్ని ఫోన్లలోనైనా పెట్టుకోవచ్చు, ఆఫీసులో పంచుకోవాలంటే మాత్రం ఫ్రీలో ఇద్దరికే, అందుకే మేం డబ్బు కట్టే ప్లాన్ తీసుకున్నాం. ఇందులో కలెక్షన్లు అని ఉంటాయి, కెమెరాలవి సూపర్‌వైజర్‌కి, బిల్లులవి అకౌంట్స్ అమ్మాయికి, ఎవరికి ఏది కావాలో అదే కనపడిద్ది. మా లైన్లో కుర్రాళ్లు మారుతూనే ఉంటారు, మానేసిన రోజే పేరు తీసేస్తాం. అక్కడితో ఆగితే చాలదు, అతను అప్పటికే చూసిన పాస్‌వర్డ్ ఎక్కడన్నా రాసుకుని ఉండొచ్చు కాబట్టి అవి మార్చి తీరాలి. పాస్‌వర్డ్ కనపడకుండా వాడుకోనిచ్చే ఆప్షన్ కూడా ఉంది గానీ దాన్ని నమ్ముకోకండి, కాస్త తెలిసినోళ్లు బయటికి లాగేస్తారు.

నాకు బాగా నచ్చింది ఆటోఫిల్, అంటే సైట్ తెరవగానే దాని పాస్‌వర్డ్ అదే చూపించి నింపడం. ఒకసారి బ్యాంకు నుంచి వచ్చినట్టే ఒక మెయిల్ వచ్చింది, లింక్ నొక్కితే పేజీ అచ్చం బ్యాంకుదే, కానీ అడ్రస్ వేరే కాబట్టి బిట్‌వార్డెన్ పాస్‌వర్డ్ చూపించలేదు, మా అకౌంట్స్ అమ్మాయి అక్కడే ఆగి నన్ను పిలిచింది. కంటికి తెలియని తేడా దానికి తెలిసిపోద్ది.

కెమెరాల డీవీఆర్‌లకి (రికార్డింగ్ దాచే పెట్టెలు) కంపెనీ ఇచ్చిన పాస్‌వర్డే ఉంచేస్తారు చాలామంది. 2016లో మిరాయ్ అనే మాల్వేర్ సరిగ్గా అలాంటి కెమెరాల్లో, డీవీఆర్‌లలోనే దూరింది. మేం ప్రతి బిల్డింగ్‌కి వేరే పాస్‌వర్డ్ పెట్టి ఇందులో దాచాం, వాచ్‌మన్ గదిలో గోడమీద రాసే పద్ధతి పోయింది.

ఇక పాస్‌వర్డ్ మేనేజర్ ఏమీ చేయలేని చోటు ఒకటుంది, మా పనిలో అసలు ప్రమాదం అక్కడే. ఓనర్ మెయిల్ ఎవడో హ్యాక్ చేసి, పాత మెయిల్ కిందే రిప్లై పెట్టి "బ్యాంకు అకౌంట్ మారింది, ఈ నెల అద్దె దీనికి వేయండి" అంటాడు. మెయిల్ నిజంగానే ఓనర్ ఐడీ నుంచే వస్తది, ఏ సాఫ్ట్‌వేర్ పట్టుకుంటది చెప్పండి! అందుకే అకౌంట్ నంబర్ మార్చమంటే మెయిల్లో ఉన్న నంబర్‌కి కాకుండా అగ్రిమెంట్లో ఉన్న నంబర్‌కే ఫోన్ చేస్తాం, అమెరికా వాళ్లయితే వీడియో కాల్, ఆ రోజు దొరక్కపోతే అద్దె ఆగుతుంది అంతే. ఒకవేళ డబ్బు పోతే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి కొట్టండి, ఎంత తొందరగా చేస్తే డబ్బు ఆపే అవకాశం అంత ఎక్కువ.

ఆధార్ కూడా ఇప్పుడు మాస్క్‌డ్‌దే తీసుకుంటన్నాం, చివరి 4 అంకెలే కనపడతాయి, ఆధార్ ఇచ్చే యూఐడీఏఐ సైట్‌లో ఎవరిది వాళ్లు డౌన్‌లోడ్ చేసుకోవచ్చు. 2023 డేటా రక్షణ చట్టంలో సమాచారం సరిగ్గా కాపాడకపోతే జరిమానా 250 కోట్ల దాకా ఉంది. జరిమానా సంగతి అలా ఉంచండి, మనల్ని నమ్మి ఇచ్చిన కాగితాలండి అవి.

ఇబ్బందంటే మాస్టర్ పాస్‌వర్డ్, అంటే బిట్‌వార్డెన్‌నే తెరిచే అసలు పాస్‌వర్డ్. మర్చిపోతే మామూలుగా కంపెనీ వాళ్లు కూడా తెరిచివ్వలేరు, దాని డిజైనే అంత. మా రికవరీ కోడ్లు (ఫోన్ పోయినా లాగిన్ అవడానికి పనికొచ్చేవి), మాస్టర్ పాస్‌వర్డ్ కాగితం మీద రాసి బీరువా లాకర్లో పెట్టాం. వయసులో పెద్దయిన మా సూపర్‌వైజర్ గారికి అలవాటవడానికి చాన్నాళ్లు పట్టింది, పక్కన కూర్చుని ఓపిగ్గా చూపించాలి. ఇద్దరే నడిపే ఆఫీసైతే ముందు ఫ్రీ ప్లాన్‌తో మొదలెట్టండి, సరిపోద్ది.