ఎల్‌ఎల్‌ఆర్ మళ్లీ ఇచ్చే ముందు డ్రైవింగ్ పరీక్ష: ఏది మేలు?

విజయవాడలో ఉదయం తొమ్మిది గంటల వేళ రామవరప్పాడు రింగు దగ్గర కాసేపు నిలబడితే, వెనక ‘ఎల్’ గుర్తు అంటించుకున్న స్కూటర్లు, కార్లు కొన్నయినా కంటబడతాయి. వాటిలో ఒకటి రెండింటి మీద ఆ ఎర్ర అక్షరం ఎండకు వెలిసి లేత గులాబీ రంగుకు దిగి ఉంటుంది. బండి నేర్చుకునేవారికి ఇచ్చే లైసెన్సు, అంటే ఎల్‌ఎల్‌ఆర్ గడువు 6 నెలలే కాబట్టి, అక్షరం అంతగా వెలిసిందంటే ఆ బండి నడిపేవారు పరీక్షకు వెళ్లకుండానే రెండు మూడుసార్లు కొత్త ఎల్‌ఎల్‌ఆర్ తీసుకుని ఉంటారని అనుకోవలసి వస్తుంది. అలాంటివారికి ఇప్పటిలాగే కొత్త దరఖాస్తుతో మళ్లీ ఎల్‌ఎల్‌ఆర్ ఇవ్వడం మేలా, ముందు డ్రైవింగ్ పరీక్షకు హాజరు కావాలని షరతు పెట్టడం మేలా, లేక పరీక్ష మాట పక్కన పెట్టి శిక్షణ గంటలను తప్పనిసరి చేయడం మేలా?

ఇప్పటి పద్ధతిలో ఒక మంచి ఉంది. జబ్బు చేసినవారు, పురుటికి పుట్టింటికి వెళ్లినవారు, ఉద్యోగరీత్యా ఊరు మారినవారు మళ్లీ మొదలుపెట్టడానికి అది అడ్డు చెప్పదు. అయితే ఈ వెసులుబాటు అందరికీ అవసరమా అని చూస్తే, అవసరం లేదనే చెప్పాలి. 1988 నాటి మోటారు వాహనాల చట్టం, దాని కింది నిబంధనల ప్రకారం ఎల్‌ఎల్‌ఆర్ వచ్చిన 30 రోజుల తర్వాత పరీక్షకు వెళ్లవచ్చు, తప్పితే 7 రోజుల తర్వాత మళ్లీ వెళ్లవచ్చు, మూడుసార్లూ తప్పినవారు మాత్రమే 60 రోజులు ఆగాలి. నేర్చుకోవడానికి ఒక నెల పోయినా ఇంకా 5 నెలలు చేతిలో ఉంటాయి.

రుసుముల లెక్క కూడా పరీక్షకు రానివారికే అనుకూలంగా ఉంది. కేంద్ర నిబంధనల పట్టికలో, సేవా రుసుములు పక్కన పెడితే, ఒక్కో తరగతి బండికి ఎల్‌ఎల్‌ఆర్ 150 రూపాయలు, దాని పరీక్షకు 50 రూపాయలు. డ్రైవింగ్ పరీక్షకు 300, లైసెన్సుకు 200 రూపాయలు. పరీక్ష అంటే భయపడే మనిషికి 200తో ఇంకో 6 నెలలు గడిచిపోతున్నప్పుడు, 500 కట్టి బ్రేకు ఇన్‌స్పెక్టర్ ముందు నిలబడాలని ఎందుకు అనిపిస్తుంది? పైగా ఎల్‌ఎల్‌ఆర్ ఉన్నవారి వెంట లైసెన్సు ఉన్న శిక్షకుడు ఉండాలన్న నియమం కారులో కొంతవరకు కుదురుతుంది గాని, స్కూటరు వెనక కూర్చున్న మనిషి బ్రేకు వేయలేడు. అందువల్ల స్కూటరు నేర్చుకునేవారు బెంజి సర్కిల్ రద్దీలో నిజానికి ఒంటరిగానే ఉంటారు.

మా పిన్ని కూతురు ఇలాగే మూడు ఎల్‌ఎల్‌ఆర్‌లు తీసుకుంది. మూడోది అయిపోవస్తుండగా ఒక ఏజెంటు, పరీక్ష ఎందుకు, ఇంకోటి తీసుకుందాం అన్నాడు. ఇంట్లోవాళ్లం పట్టుబట్టి పరీక్షకు పంపించాం. ఎనిమిది ఆకారంలో వేసిన బాటలో మొదటి మలుపు బాగానే తిరిగింది, రెండో మలుపులో కాలు కింద పెట్టేసింది. పరీక్ష తప్పింది. పక్కనే నిలబడిన ఇన్‌స్పెక్టర్, “చక్రం వంక కాదమ్మా, మీరు వెళ్లాల్సిన చోటు వంక చూడండి” అన్నారు. ఏడాదిన్నరగా మా ఊరి వీధుల్లో బండి నడుపుతున్న అమ్మాయికి ఆ మాట చెప్పినవారు అంతవరకు ఎవరూ లేరు. వారం రోజులు ఇన్నర్ రింగ్ రోడ్డు పక్క ఖాళీ జాగాలో అదే మలుపు తిరిగి, రెండోసారి నెగ్గింది. పరీక్ష తప్పడం వల్ల కూడా నేర్చుకునేది ఉంటుందని నాకు అప్పుడే తెలిసింది. అందుకే షరతు హాజరుకే గాని ఉత్తీర్ణతకు ఉండకూడదని నా వాదన.

ఐర్లండ్ అనుభవం ఇక్కడ పనికొస్తుంది. అక్కడ నేర్చుకునేవారికి 2 ఏళ్ల పర్మిట్ ఇస్తారు. మూడోసారి అడిగేవారు పరీక్షకు హాజరైనట్టు గాని, రాబోయే పరీక్షకు తేదీ తీసుకున్నట్టు గాని చూపితే చాలన్న పద్ధతి నడిచింది. తేదీ తీసుకుని పరీక్షకు రాకపోయినా పర్మిట్ చేతికి వచ్చే సందు అందులో ఉంది. కాబట్టి స్లాటు బుక్ చేసిన రసీదును హాజరుగా లెక్కించడం పొరపాటు. అదే దేశం ఇంకో పాఠం కూడా చెబుతుంది. పరీక్షల కోసం ఎదురుచూసేవారు పేరుకుపోవడంతో, 1979లో రెండో తాత్కాలిక లైసెన్సు (నేర్చుకునేవారి పర్మిట్‌కు అప్పటి పేరు) మీద ఉన్నవారికి పరీక్ష లేకుండానే పూర్తి లైసెన్సులు ఇచ్చేశారు. పరీక్ష తప్పనిసరి చేసి, పరీక్షించే మనుషులను పెంచకపోతే మనకూ అదే గతి పడుతుంది.

ఇక శిక్షణ గంటలు. గుర్తింపు పొందిన శిక్షణ కేంద్రాల నిబంధనలు 2021 జులై 1 నుంచి అమలులోకి వచ్చాయి. కారు కోర్సు గరిష్ఠంగా 4 వారాల్లో 29 గంటలు, అందులో నెగ్గినవారికి రవాణా కార్యాలయంలో డ్రైవింగ్ పరీక్ష అవసరం లేదు. నేర్పు విషయంలో ఈ మార్గమే అన్నింటికన్నా గట్టిది. కాని రోజూ ఒకే వేళకు రాలేని ఆటోనగర్ మెకానిక్‌కు, ఇద్దరు పిల్లలను బడికి దింపవలసిన తల్లికి దీన్ని తప్పనిసరి చేస్తే, వారు ఎల్‌ఎల్‌ఆర్ కూడా లేకుండా బండి తీస్తారేమోనని నా భయం. కోరుకున్నవారికి ఉండనివ్వడమే మంచిది.

కాబట్టి మొదటిసారి గడువు తీరినవారిని ఏమీ అడగకుండా రెండో ఎల్‌ఎల్‌ఆర్ ఇవ్వాలి. మూడోది అడిగేవారు మాత్రం ఒక్కసారైనా పరీక్షకు హాజరై ఉండాలి. ఇందుకు కార్యాలయం కూడా కట్టుబడాలి. రెండో ఎల్‌ఎల్‌ఆర్ చేతికిచ్చే రోజునే, ఐదో నెలలో ఫలానా తేదీన పరీక్ష అని దాని మీదే ముద్రించాలి. రాలేనివారు ముందుగా చెప్పి తేదీ మార్చుకోవచ్చు, ఆసుపత్రి కాగితం చూపినవారికి ఆ మేరకు మినహాయింపు ఇవ్వాలి. తేదీ ఇవ్వలేకపోవడం కార్యాలయం తప్పయినప్పుడు, ఎన్ని రోజులు ఆలస్యమైతే అన్ని రోజులూ పైసా రుసుము లేకుండా గడువు పొడిగించాలి.