నీళ్ళకూ తరగతులు పెట్టిన భవనం: మాంచెస్టర్ విక్టోరియా బాత్స్ సందర్శనపై సమీక్ష

పారిశ్రామిక విప్లవ చరిత్ర మీద ఆసక్తితో మాంచెస్టర్ వెళ్ళేవారు నూలు మిల్లులు, కాలువలు, గిడ్డంగులు తప్పకుండా చూస్తారు. ఆ మిల్లుల్లో పనిచేసినవారు ఒంటి మురికిని ఎక్కడ వదిలించుకున్నారో తెలుసుకోవాలంటే మాత్రం హాథర్‌సేజ్ రోడ్డులోని విక్టోరియా బాత్స్‌కు వెళ్ళాలి. ఇది 1906లో ప్రారంభమైన సార్వజనిక స్నానశాల. లెక్క ప్రకారం విక్టోరియా రాణి మరణించిన ఐదేళ్ళకు తెరిచినా, ఆమె కాలంలో రూపుదిద్దుకున్న ఆలోచనలన్నీ ఇటుకల్లో, టైళ్ళలో, నీటి గొట్టాల్లో పూర్తి స్థాయిలో కనిపించేది ఇక్కడే. ఇప్పుడు దీనిని ఒక ట్రస్టు నడుపుతున్నది. ఇంగ్లండులో నేను చూసిన చారిత్రక కట్టడాల్లో, సామాన్యుల జీవితాన్ని ఇంత సూటిగా చెప్పేది మరొకటి లేదు.

అయితే కొంత నేపథ్యం తెలియకుండా వెళితే ఇది అందమైన పాత ఈతకొలనుగా మాత్రమే మిగిలిపోతుంది. పందొమ్మిదవ శతాబ్దపు తొలి సగంలో మిల్లు పట్టణాల ఇళ్ళలో స్నానాల గది అనేదే లేదు. వీధికంతటికీ ఒకే పంపు ఉండేది. నీళ్ళు కాచుకోవాలంటే బొగ్గు కొనాలి. సబ్బు మీద 1853 వరకు పన్ను ఉండేది. 1832లో లివర్‌పూల్‌ను కలరా పట్టి పీడించినప్పుడు, ఐర్లండ్ నుంచి వచ్చి స్థిరపడిన కిటీ విల్కిన్సన్ అనే పేద స్త్రీ తన ఇంట్లోని బాయిలరును ఇరుగుపొరుగువారికి ఇచ్చి, వారి దుప్పట్లను, బట్టలను బ్లీచింగ్ పొడి కలిపిన నీటిలో ఉతికించింది. ఆ స్ఫూర్తితోనే 1842లో అదే నగరంలోని ఫ్రెడరిక్ వీధిలో స్నానశాలతో పాటు బట్టలుతికే శాల కూడా వెలిసింది. 1846లో పార్లమెంటు ఒక చట్టం చేసి, ఇటువంటివి ప్రజాధనంతో కట్టే అధికారాన్ని స్థానిక సంస్థలకు ఇచ్చింది. కార్మికులకు చన్నీటి స్నానం ఒక పెన్నీకి, వేన్నీటి స్నానం రెండు పెన్నీలకు మించకూడదని, శుభ్రమైన తువాలు కూడా అందులోనే ఇవ్వాలని ఆ చట్టం నిర్దేశించింది. పై తరగతివారికి ఎన్ని స్నానపు తొట్లు ఉంటే, కార్మికులకు కనీసం దానికి రెట్టింపు ఉండాలన్న నిబంధన కూడా అందులో ఉంది. ఈ నిబంధనను గుర్తుంచుకుని లోపలికి అడుగుపెడితే గోడలు వేరే సంగతులు చెబుతాయి.

మాంచెస్టర్‌లో మొదట ఈ పనికి పూనుకున్నది కార్పొరేషన్ కాదు, ఒక ప్రైవేటు కంపెనీ. వాస్తుశిల్పి థామస్ వర్దింగ్‌టన్ ఆ కంపెనీ కోసం గీసిన మేఫీల్డ్ స్నానశాల 1857లో మొదలైంది. రెండవ ప్రపంచ యుద్ధంలో బాంబు దెబ్బ తిని నేలమట్టమైన ఆ కట్టడపు టైళ్ళ కొలనులు 2020లో పురావస్తు తవ్వకాల్లో బయటపడ్డాయి. మేఫీల్డ్‌లో మొదలైన ప్రయాణం విక్టోరియా బాత్స్ దగ్గరికి వచ్చేసరికి వైభవంగా మారింది. నగర వాస్తుశిల్పి హెన్రీ ప్రైస్ ఆధ్వర్యంలో 59,144 పౌండ్ల ఖర్చుతో కట్టిన ఈ భవనాన్ని ప్రారంభిస్తూ నాటి లార్డ్ మేయర్ దీనిని జలసౌధంగా వర్ణించారు. ఎర్ర ఇటుక, లేత రంగు టెర్రకోట పట్టీలు పట్టీలుగా పేర్చిన ముఖభాగాన్ని చూస్తే ఆ మాటలో అతిశయం కనిపించదు.

ముఖభాగంలో మూడు ద్వారాలున్నాయి. వాటి మీద ‘పురుషులు, మొదటి తరగతి’, ‘పురుషులు, రెండవ తరగతి’, ‘స్త్రీలు’ అని అర్థం వచ్చే ఆంగ్ల అక్షరాలను రంగుతో రాయకుండా కట్టడంలోనే చెక్కి పెట్టారు. సందర్శకులు సాధారణంగా మొదటి ద్వారం దగ్గర ఫొటోలు తీసుకుంటారు. అది సహజమే, అక్కడి మెట్లకు పచ్చని మెరుపు టైళ్ళ పిట్టగోడ, నేల మీద మొజాయిక్, కిటికీలకు రంగు అద్దాలు ఉన్నాయి. కానీ ఆ తరువాత తప్పనిసరిగా రెండవ తరగతి వైపు నడిచి చూడండి. పనితనంలో లోటు లేదు, గట్టిదనంలో తేడా లేదు. అలంకారం ఒక్కటే మెట్టు మెట్టుగా తగ్గుతూ వస్తుంది.

తరగతుల తేడా టైళ్ళతో ఆగలేదు, నీటిలోకీ దిగింది. భవనానికి సొంత బావి ఉంది. నీటిని ఎప్పటికప్పుడు వడగట్టి శుద్ధిచేసే యంత్రాలు రాని తొలి రోజుల్లో, బావి నుంచి వచ్చిన కొత్త నీరు ముందుగా మొదటి తరగతి పురుషుల కొలనులోకి వెళ్ళేది. అక్కడ వాడాక రెండవ తరగతి పురుషులకు, ఆ తరువాత చివరగా స్త్రీలకు అవే నీళ్ళు దక్కేవి. పరిశుభ్రత కోసం పుట్టిన సంస్థలో ఎవరికి శుభ్రమైన నీరు అందాలన్నది డబ్బును బట్టి, ఆడా మగా తేడాను బట్టి నిర్ణయమయ్యేదన్నమాట. ఈ ఒక్క విషయం తెలుసుకుని మూడు కొలనులనూ అదే వరుసలో చూసినవారికి, ఆ కాలపు సమాజం గురించి పది వ్యాసాలు చదివినా రాని స్పష్టత వస్తుందని నా నమ్మకం.

మొదటి తరగతి కొలనును గాలా పూల్ అంటారు. దాని ఇరువైపులా బట్టలు మార్చుకునే చిన్న గదులు, వాటికి ఎరుపు తెలుపు చారల తెరలు, పైన ప్రేక్షకుల వసారా ఉన్నాయి. చలికాలంలో కొలను మీద చెక్క పలకలు పరిచి నృత్యశాలగా వాడుకునేవారు. 1933లో ఇంగ్లిష్ చానల్‌ను ఈదిన సన్నీ లౌరీ ఇక్కడ సాధన చేసినవారే. స్నానానికని కట్టిన చోటు పేటకంతటికీ సరదాలకు, పోటీలకు కూడలి కావడం ఈ సంస్థలు సాధించిన అసలు విజయం.

నా దృష్టిలో మాత్రం కొలనుల కన్నా విలువైనది స్నానపు తొట్ల సంగతి. కార్మిక కుటుంబాలకు ఈత సరదా, తొట్టి స్నానం అవసరం. ఇటువంటి స్నానశాలల్లో వారానికొకసారి వచ్చి, వరుసలో కూర్చుని, పిలుపు వచ్చాక లోపలికి వెళ్ళేవారు. చాలాచోట్ల కుళాయి తిప్పే తాళంచెవి బయట ఉన్న ఉద్యోగి చేతిలోనే ఉండేది. వేన్నీళ్ళు ఎన్ని పట్టాలో, ఎప్పుడు ఆపాలో అతనే నిర్ణయించేవాడు. ఇంకొంచెం వేడి కావాలంటే తలుపు లోపలి నుంచి తన గది సంఖ్య చెప్పి కేక వేయవలసిందే. పౌరులకు సేవ అందిస్తూనే వారి మీద అదుపును వదలని ఆనాటి పాలకుల మనస్తత్వం ఆ కుళాయి తాళంచెవిలో ఉంది. కొలనుల అందానికి ముగ్ధులై ఈ భాగాన్ని దాటి పోవద్దని చదువరులను ప్రత్యేకంగా కోరుతున్నాను.

టర్కిష్ బాత్‌లో, అంటే వేడి గాలితో చెమట పట్టించే స్నానశాలలో, ఒకదానికన్నా ఒకటి వేడిగా ఉండే మూడు గదులు, విశ్రాంతి గదిలో ‘పవిత్రతా దేవదూత’గా పేరుపడ్డ రంగు అద్దాల కిటికీ ఉన్నాయి. 1952లో పెట్టిన ఏరోటోన్ అనే బుడగల తొట్టి దేశంలో ప్రజలకు అందుబాటులోకి వచ్చిన మొదటిదని చెబుతారు.

ఖర్చు భరించలేక నగరపాలకులు 1993లో దీనిని మూసివేశారు. స్థానికులు ఊరుకోకుండా సంఘంగా ఏర్పడి పోరాడారు. 2003లో పాత కట్టడాల పునరుద్ధరణ కోసం బీబీసీ టీవీలో నిర్వహించిన ‘రెస్టొరేషన్’ పోటీలో ప్రేక్షకుల ఓట్లతో గెలిచి, సుమారు 34 లక్షల పౌండ్లు సంపాదించారు. ఆ సొమ్ము ఇంతటి భవనానికి తొలి దశ పనులకే సరిపోయింది. అందువల్ల కొన్ని గదులు కొత్తగా మెరుస్తుంటే, కొన్ని రంగు పెచ్చులూడి అలాగే ఉన్నాయి. దీనిని కొందరు లోపంగా చూడవచ్చు. నాకైతే అది మేలే అనిపించింది. మూసివేత ఎంత నష్టం చేసిందో దాచకుండా చూపే కట్టడాలు తక్కువ.

వెళ్ళదలచినవారికి రెండు సూచనలు. ఇది ఏడాది పొడవునా రోజూ తెరిచి ఉండదు కనుక సందర్శన దినాలను ముందుగా ట్రస్టు వెబ్‌సైటులో చూసుకోవాలి. వీలైతే గైడుతో సాగే సందర్శననే ఎంచుకోవాలి. నీటి దారి, బాయిలర్ల పనితీరు వంటివి వివరిస్తే తప్ప కంటికి అందవు. వాస్తుకళ కోసం వచ్చేవారికి ఒక గంట చాలవచ్చు. కార్మిక చరిత్ర కోసం వచ్చేవారు పూట మొత్తం కేటాయించుకుని, మొదట రెండవ తరగతి ద్వారం నుంచి చూడటం మొదలుపెట్టడం మంచిది.