నాన్న అన్నానికి కొన్న డిజిటల్ కాటా

మా నాన్నకి షుగర్. వరి పండించే మనిషి, రెండు పూటలా అన్నం పడాల్సిందే. డైటీషియన్ రాసిచ్చిన చార్టులో మధ్యాహ్నం "ఒక కప్పు అన్నం" అని ఉంది. ఏ కప్పు? అమ్మ కప్పు వేరు, నా కప్పు వేరు. మళ్లీ అడిగితే, అన్నం వాటాకి 40 గ్రాముల కార్బ్స్ (పిండిపదార్థాలు), అంటే ఇంచుమించు 150 గ్రాముల అన్నం అన్నారు. అందుకే ఈ కాటా ఆన్‌లైన్‌లో తెప్పించాను. నాలుగు వందల లోపే పడింది. పది కిలోల వరకు తూగుతుంది, గ్రాము తేడా కూడా చూపిస్తుంది.

ముందుగా నాన్న రోజూ తినేంత అన్నం పెట్టి తూచాం. 420 గ్రాములు! వండిన తెల్లన్నం 100 గ్రాముల్లో 28 గ్రాముల దాకా కార్బ్స్ ఉంటాయి, మీరే లెక్కేసుకోండి. అమ్మ గరిటె ఒకసారి 90 తూగింది, ఇంకోసారి 130.

దీంట్లో నాకు బాగా నచ్చింది టేర్ బటన్. కంచం పెట్టి నొక్కితే సున్నా అవుతుంది, తర్వాత వడ్డించింది మాత్రమే కనబడుతుంది. ఇప్పుడు పప్పు, కూరలోకి 90, పెరుగులోకి 60. పెరుగన్నం లేకపోతే నాన్నకి భోజనం అయినట్టే ఉండదు, దాన్ని తీసేయమంటే ఈ పద్ధతి వారం కూడా నిలిచేది కాదు. కూర మాత్రం రెట్టింపు చేశాం. బీరకాయో, దొండకాయో, గోరుచిక్కుడో కంచంలో సగం ఉంటుంది.

అన్నం మెత్తగా వండితే నీళ్ల బరువు కలుస్తుంది, తూకం మారిపోతుంది. అందుకని అమ్మ ఇప్పుడు 50 గ్రాముల బియ్యం ముందే తూచి, కుక్కర్లో చిన్న గిన్నెలో విడిగా పెడుతోంది. ఈ పద్ధతే నయం.

కొర్రలు, జొన్నలు ఎంత తిన్నా పర్లేదని మా వీధిలో అందరూ చెబుతారు. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ పట్టికలు చూడండి: 100 గ్రాముల బియ్యంలో 78 గ్రాముల దాకా కార్బ్స్ ఉంటే, జొన్నల్లో, రాగుల్లో 67 దాకా ఉన్నాయి. పీచు ఎక్కువ, అది మంచిదే. కానీ రొట్టె పిండిని కూడా తూచాల్సిందే.

ఇంతకుముందు భోజనమైన రెండు గంటలకి షుగర్ చూస్తే ఒకరోజు 180, ఇంకోరోజు 260 వచ్చేది, ఎందుకో తెలిసేది కాదు. ఇప్పుడు అన్నం ఒకేలా ఉంటోంది కాబట్టి అంకెలు దగ్గరదగ్గరగా వస్తున్నాయి. ఆ అంకెలు రాసుకున్న పుస్తకం చూసే డాక్టర్ గారు మాత్ర మోతాదు మార్చారు. ఇన్సులిన్ వేసుకునేవాళ్లు, షుగర్ బాగా దించే మాత్రలు వాడేవాళ్లు మాత్రం డాక్టర్‌కి చెప్పకుండా ఒక్కసారిగా అన్నం తగ్గించకండి. 70 కంటే కిందికి పడిపోతే ప్రమాదం.

లోపాలూ ఉన్నాయి. పెద్ద కంచం పెడితే అంకెలు కనబడవు, మేం కింద చిన్న గిన్నె బోర్లించి దాని మీద కంచం పెడుతున్నాం. వడ్డన మధ్యలో కాస్త ఆగితే దానంతటదే ఆగిపోతుంది, అప్పుడు మళ్లీ మొదట్నుంచి తూచాలి. అమ్మకి విసుగొచ్చేది ఇక్కడే. తడి చేతులతో ముట్టుకుంటే బటన్లు మొరాయిస్తాయి. అంకెలు చిన్నవి, నాన్న కళ్లజోడు పెట్టుకోవాలి.

అయినా కొనమనే చెబుతాను. అన్నం దగ్గర అమ్మానాన్నల మధ్య రోజూ జరిగే వాదన ఆగింది, "ఇంకొంచెం పెట్టు" అంటే అమ్మ కాటా వైపు చూపిస్తుంది. కాటా రాగానే సీలు తీయని కిలో ఉప్పు ప్యాకెట్ పెట్టి చూడండి. కవరు బరువుతో కలిపి వెయ్యి గ్రాములకి కాస్త అటూఇటూగా ఉంటే ఫర్వాలేదు, బాగా తేడా వస్తే వెంటనే వాపసు పంపేయండి.